సారు లేని గురువారాలు

మా పెద్దసారు పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. దశదిన కర్మ కూడా అయిపోయాక పాత విద్యార్థిని ఒకామె ఫోన్ చేసింది. ఇప్పుడు గచ్చిబౌలిలో ఒక కంపెనీలో పని చేస్తుంది. చేవెళ్ల వెళ్తూ దారిలో సారును చూసిపోదామని వాళ్లింటి ముందు ఆగితే, ఆయన కొడుకు బయటికి వచ్చి చెప్పాడట.

"బడికి మాత్రం చెప్పొద్దన్నడంట మేడం. చెప్తే ఒక పూట సెలవిస్తరు, పాఠాలు ఆగుతయి అన్నడంట."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"ఎవ్వరికి చెప్పలే. ఆ రోజు బడి ఎప్పటిలెక్కనే నడిచిందంట."

నాకు ముందు దుఃఖం రాలేదు. వచ్చింది జంకు. ఆయన బతికున్నప్పుడు మా అందరి చేత సాధన చేయించింది ఇదే. చివరికి చేసి చూపించారు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఊరి పేరు కూడా అక్కర్లేదు. మొయినాబాద్ మండలంలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల అనుకుంటే చాలు. నేను అక్కడ సాంఘిక శాస్త్రం చెప్పేదాన్ని. మెహిదీపట్నంలో బస్సెక్కి వచ్చేదాన్ని. నగరానికి అటు పక్క సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. ఇటు మా పక్క పొలాల చుట్టూ ప్రహరీలు లేస్తుండేవి. గేటు మీద కుక్క బొమ్మ, లోపల పచ్చిక, ఎవరూ ఉండని ఇల్లు. బస్సు కిటికీలోంచి చూస్తే కనకమామిడి వరకు అట్లాంటి ఇళ్లే. కిందటేడు జొన్న చేను ఉన్నచోట ఈ ఏడు ఈతకొలను ఉండేది. అందులో ఈదే మనిషిని మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

పెద్దసారు రబ్బరు చెప్పులేసుకునేవారు. నడిస్తే చప్పుడయ్యేది కాదు. ఎవరైనా ఏదైనా అడిగితే ఒక అడుగు వెనక్కి వేసి, పక్కనున్న మనిషి ముఖంలోకి చూసేవారు, ఆ ప్రశ్న ఆ మనిషిని అడిగినట్టు. పక్కనున్నది ఆరో తరగతి పిల్ల అయినా అంతే. చివరికి ఆ పిల్లే జవాబు చెప్పాల్సి వచ్చేది.

రిటైరయ్యే వయసు దగ్గరపడ్డాక ఆయన దూరవిద్యలో ఎంఎడ్ కట్టారు. అందులో పాఠశాల నాయకత్వం మీద ఒక పేపరు ఉంది. మిగతావాళ్లు అట్లాంటి పేపరు పరీక్షకు చదివి మర్చిపోతారు. ఆయన అది చదివి మాకు సమావేశం పెట్టారు. బోర్డు మీద ఒక గుండ్రం గీసి, మధ్యలో చుక్క పెట్టి, ఆ చుక్కను చేత్తో తుడిచేశారు.

"ఇక్కడ భూములున్నోళ్లందరు పంపకాలు చేసుకుంటుండ్రు గద. మనం అధికారం పంచుకుందాం."

లెక్కల సారు వెంటనే అందుకున్నాడు. "పంచుండ్రి సార్. పని మాకొస్తది, జీతం మీకొస్తది."

అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వారు. మరుసటి రోజు నుంచి బడి తాళాలు ఆయన దగ్గర లేవు. తొమ్మిదో తరగతి పిల్లల దగ్గర ఉన్నాయి. నీళ్ల డ్రమ్ముల సంగతి ఒక కమిటీ, విరిగిన బల్లల సంగతి ఒక కమిటీ, రాని పిల్లల ఇళ్లకు పోవడానికి ఒక కమిటీ. అటెండరు పోస్టు ఖాళీగా ఉండేది కాబట్టి గంట కొట్టే పనీ పిల్లలకే ఇచ్చారు. వేపచెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్కే మా గంట.

తన కుర్చీలో ఆయన కూర్చునేవారు కాదు. తగువు పెట్టుకుని వచ్చినవాళ్లను అందులో కూర్చోబెట్టేవారు. ఒకసారి ఎంకపల్లి నుంచి ఒక పెద్దాయన మనవరాలి టీసీ కోసం వచ్చాడు. ఊళ్లోకి ఇంగ్లీషు మీడియం బడి వ్యాను వస్తోంది, పిల్లను అందులో ఎక్కిస్తామన్నాడు. సారు ఆయన్ని తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టి, తాను బల్లకు ఇవతల చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఇప్పుడు మీరే పెద్దసారు. నేను ఈ పిల్ల తాతను. టీసీ ఇయ్యుండ్రి సార్, పిల్లను తీస్కపోత."

పెద్దాయన అటూ ఇటూ చూశాడు. "ఎందుకు తీస్కపోతవు?" అన్నాడు, తనకు తెలియకుండానే.

"మీ బడి మంచిగ లేదు సార్."

"ఏం తక్కువైంది?"

"మీరు చెప్పుండ్రి సార్, పెద్దసారు మీరే గద."

ఆ పెద్దాయన కుర్చీలోంచి గబుక్కున లేచాడు. "ఏం సారు, నన్ను గిట్ల కూసబెడితివి," అని కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. టీసీ తీసుకోలేదు. తర్వాత నేను సారును అడిగాను, ఆయన ఎందుకు బెదిరాడని.

"ఆ కుర్చీల కూసుంటే కనవడతది మేడం. ఆడ ఎవ్వరు ఉండరని."

నవ్వకుండానే అన్నారు.

ఆయనకు ఇదంతా ఆట కాదని నాకు తెలిసింది చేవెళ్లలో టీచర్ల శిక్షణ అయిపోయి ఇద్దరం తిరిగి వస్తున్న సాయంత్రం. దారిలో ఒక ఊరి దగ్గర, "జర దిగుదాం మేడం," అన్నారు. రోడ్డు నుంచి కొంచెం లోపలికి నడిస్తే ఒక బడి. తలుపుకు తాళం. ఆయన అంతకుముందు పనిచేసిన బడి అది. ఆయన ఉన్నంతకాలం గదులు చాలక పిల్లలు వరండాలో కూర్చునేవారట. ఆయన బదిలీ అయ్యాక ఒకరొకరుగా తగ్గి, చివరికి మిగిలిన కొద్దిమందిని పక్క ఊరి బడిలో కలిపేశారు.

కిటికీలోంచి చూడమన్నారు. గది నిండా సిమెంటు బస్తాలు. పక్కన కడుతున్న ఫామ్‌హౌస్ తాలూకువి. బస్తాల పైన గోడకు నల్లబల్ల కొంచెం కనిపిస్తోంది. దాని మీద సుద్దముక్కతో రాసిన అక్షరాలు ఇంకా ఉన్నాయి. హాజరు, మొత్తం, బాలురు, బాలికలు.

"నా రాతనే," అన్నారు. "నేను పోయేనాడు రాసిన. దాన్ని తుడిచెటోళ్లు గూడ లేకపోయిరి."

గాలి లేదు. కిటికీ చువ్వలు పట్టుకుని ఆయన లోపలికే చూస్తున్నారు.

"ఈ బడి నా మీద నిలవడ్డది మేడం. నేను పక్కకు జరిగిన, అది పడిపోయింది. ఇప్పుడున్న బడిని గట్ల కానియ్య. నేను పోయినంక ఒక్క పిల్ల గూడ తగ్గొద్దు."

ఆ తర్వాతే గురువారాలు మొదలయ్యాయి.

గురువారం ఆయన ఎప్పటిలాగే మొదటి బస్సుకు వచ్చేవారు. ప్రార్థనలో పదో తరగతి వరుస వెనక నిలబడేవారు. ప్రార్థన అయిపోగానే, "ఇయ్యాల నేను లేను," అనేవారు. అంతే. సాయంత్రం చివరి గంట దాకా ఆయన బడిలో తిరుగుతూనే ఉంటారు. ఎవరూ నమస్తే పెట్టకూడదు. ఏదీ అడగకూడదు. ఆయన పిలిచినా పలకకూడదు. ఆయన లేనప్పుడు బడి ఎట్లా నడుస్తుందో ఆయన చూసుకోవాలి.

మొదట్లో పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వేవాళ్లు. లెక్కల సారు ఆయన పక్క నుంచి పోతూ, "ఏందో చల్లగాలి తగిలింది," అనేవాడు. ఆయన ముఖంలో ఏమీ కనిపించేది కాదు. కొన్ని నెలలకు నవ్వులు ఆగిపోయాయి. పిల్లలకు చూపు తిప్పుకునే అవసరం కూడా లేకపోయింది. వాళ్ల కళ్లు ఆయన మీదుగా గోడ మీదుగా ఒకేలా జరిగేవి. పరిగెత్తుతూ వచ్చి ఆయనకు తగిలిన పిల్లాడు క్షణం ఆగి, స్తంభాన్ని తప్పుకున్నట్టు తప్పుకుని వెళ్లడం నేను చూశాను. బడి మాత్రం బాగా నడిచింది. ఆ విషయంలో అబద్ధం చెప్పలేను. సారు లేడని ఏ పనీ ఆగేది కాదు.

ఒక గురువారం మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో ఒక్కదాన్నే ఉన్నాననుకుని డబ్బా తెరిచి అన్నం తిన్నాను. చెయ్యి కడుక్కున్నాను. మా అత్తగారి మీద కోపంతో నాలో నేనే ఏదో గొణుక్కున్నాను. జడ విప్పి మళ్లీ అల్లుకున్నాను. లేచి తలుపు దాకా పోయాక ఎందుకో తిరిగి చూస్తే, మూల బెంచీ మీద సారు ఉన్నారు. మొదటి నుంచీ ఉన్నారు. నేను చూడనట్టు నటించలేదు. నిజంగానే చూడలేదు.

ఆ సాయంత్రం బస్సులో, వచ్చే గురువారం సెలవు పెడదామా అని ఆలోచించాను.

ఆయనకు గుండెనొప్పి వచ్చింది కూడా గురువారమే. ఆరో తరగతి గది ముందు వరండాలో గోడను పట్టుకుని కిందికి జారిపోయారు. పీరియడ్ మారే సమయం. నేను భవనానికి అవతలి వైపు ఉన్నాను. ఇవతలి వైపు ఉండి ఉంటే ఏం చేసేదాన్నో, స్టాఫ్‌రూం సంగతి గుర్తొస్తే, గట్టిగా చెప్పలేను. పిల్లలు వరుసగా గదుల్లోంచి వచ్చారు. వరుసగా ఆయన కాళ్ల పక్క నుంచి ఒంపు తిరిగి వెళ్లారు. ఎవరూ తొక్కలేదు. ఎవరూ ఆగలేదు.

పక్క స్థలం ఎవరికో చూపించడానికి వచ్చిన ప్లాట్ల బ్రోకరు ఒకతను గోడ మీదుగా ఇది చూశాడు. అతను చెబితేనే నాకు తెలిసింది. గోడ దూకి వచ్చి, చివరగా పోతున్న ఒక పిల్లను ఆపాడట.

"ఏయ్ పిల్లా, మనిషి పడిపోయిండు, కండ్లు కనవడ్తలేవా?"

ఆ పిల్ల మర్యాదగానే జవాబు చెప్పిందట.

"సారు ఇయ్యాల లేడు, అన్నా."

"లేకపోవుడేంది? గీడ పండుకున్నది ఎవరు?"

"ఇయ్యాల గురువారం, అన్నా," అని లోపలికి వెళ్లి కూర్చుందట.

ఆ బ్రోకరే ఆయన్ని ఎత్తుకుని తన కారులో వేసుకున్నాడు. మొయినాబాద్‌లో చూపించి, అక్కణ్నుంచి మెహిదీపట్నం దవాఖానకు తీసుకెళ్లాడు. తర్వాత చాలాకాలం అతను మా బడి గోడ దగ్గరికి రాలేదు. స్థలం చూపించాల్సి వచ్చినా రోడ్డు మీదే నిలబడి చూపించేవాడు. "భూమి మంచిదే మేడం, ఆ బడి పిల్లల్ని చూస్తెనే నాకు భయం," అన్నాడు ఒకసారి బస్టాపులో.

దవాఖానకు నేను, లెక్కల సారు వెళ్లాం. ఆయన భార్య తలుపు దగ్గరే ఆపింది.

"పిల్లలు పక్కకెల్లి పోయిండ్రంట గద మేడం. ఏం నేర్పిండ్రు మీరు?"

అని, తలుపు వదిలి పక్కకు జరిగింది. లోపల ఆయన మమ్మల్ని చూసి అడిగిన మొదటి మాట, "తర్వాతి గంట కొట్టిండ్రా?"

"కొట్టిండ్రు సార్," అన్నాడు లెక్కల సారు.

"టైముకా?"

"టైముకే."

ఆయన కళ్లు మూసుకుని నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. లెక్కల సారు మందులు తేవడానికి బయటికి పోయాక, కళ్లు తెరవకుండానే నాతో అన్నారు.

"పిలిచిన మేడం. చిన్నగ పిలిచిన. ఒక పిల్ల ఆగింది. నా దిక్కు చూసింది. చూసి, మల్ల పోయింది. పలకొద్దన్నది నేనే గద."

"ఇంక ఆపేద్దాం సార్ ఇది."

"ఎందుకు? బడి నిలవడ్డది."

ఆ ఆగిన పిల్లే, బ్రోకరుకు జవాబు చెప్పిన పిల్లే, మొన్న నాకు ఫోన్ చేసినామె. ఇన్నేళ్లలో ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆయన సెలవులో ఉన్న రెండు నెలలూ బడికి ఏ లోటూ రాలేదు. మేమంతా కూర్చుని గురువారాలు రద్దు చేశాం. ఆయన తిరిగి వచ్చిన రోజు నేనే చెప్పాను.

"అందరు నిర్ణయించిండ్రా?"

"అందరం సార్."

"నన్ను అడగకుండనే?"

"అడగకుండానే."

"మంచిది," అన్నారు. తన ఎంఎడ్ పుస్తకంలో రాసినట్టే జరిగిందన్న తృప్తి ఆయన గొంతులో ఉంది. కానీ చెయ్యి కుర్చీ వీపు మీద పెట్టి, కూర్చోవచ్చా అన్నట్టు నా వైపు చూశారు.

గురువారాలు పోయాయి. అయితే మిగతా రోజులు తిరిగి రాలేదు. పిల్లలు ఆయనకు నమస్తే పెట్టేవాళ్లు, బడి చూడ్డానికి వచ్చిన చుట్టానికి పెట్టినట్టు. ఏ కాగితం వచ్చినా కమిటీ ముందే చూసేసేది. ఆయన తరగతిలోకి వచ్చి ప్రశ్న అడిగితే పిల్లలు నా ముఖం చూసేవాళ్లు, పలకవచ్చా అని. నేను తలూపితే పలికేవాళ్లు. వాళ్లలో ద్వేషం లేదు. భయం లేదు. నేర్పిన పాఠం బాగా వచ్చేసింది, అంతే.

ఒక సోమవారం నేను ఏడో తరగతిలో పటం చూపిస్తుండగా గంట మోగింది. పీరియడ్ సగం కూడా కాలేదు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మళ్లీ పటం మీదికి వంగారు. ఏ గదిలోంచీ ఒక్కరూ బయటికి రాలేదు. నేను కిటికీలోంచి చూశాను. వేపచెట్టు కింద సారు ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నారు. మళ్లీ కొట్టారు. ఈసారి గట్టిగా. ఆ మోత ప్రహరీలు దాటి ఆ ఖాళీ ఇళ్ల మీదుగా పోయి తిరిగి వచ్చింది. బడి కదల్లేదు. పక్క గదిలో లెక్కల సారు చెబుతున్న ఎక్కం కూడా ఆగలేదు.

అప్పుడు గంట బాధ్యత ఉన్న తొమ్మిదో తరగతి అమ్మాయి బయటికి వచ్చింది. తొందరపడకుండా నడిచి ఆయన ముందు నిలబడింది.

"ఇంక టైం కాలే సార్. ఇటియ్యుండ్రి."

ఆయన ఇచ్చేశారు. ఆ అమ్మాయి కడ్డీని దాని చోట పెట్టి తరగతికి వెళ్లిపోయింది. ఆయన చాలాసేపు ఆ చెట్టు కిందే ఉన్నారు. ఏదైనా ప్రమాదమేమో, నిప్పో పామో అని ఒక్కరమైనా ఎందుకు బయటికి రాలేదని తర్వాత నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఆయన మమ్మల్ని ఎందుకు పిలిచారో మాత్రం అడగలేదు. అది తెలుస్తూనే ఉంది.

ఆయన రిటైరైన రోజు ఏర్పాట్లన్నీ పిల్లల కమిటీలే చేశాయి. శాలువా, దండ, కుర్చీలు, నీళ్లు. దేనికీ ఆయన్ని అడగలేదు. ఆయన మాట్లాడుతుండగా పదో తరగతి అమ్మాయి ఒకామె లేచి, "సార్, టైం అయింది," అంది మెల్లగా. ఆయన అక్కడికి ఆపేశారు. గంట మోగింది. పిల్లలు లేచి వరుసల్లో తరగతులకు వెళ్లిపోయారు. మేము గేటు దాటే సరికి గదుల్లోంచి పాఠాలు వినిపిస్తున్నాయి.

ఆయన భయపడ్డది జరగలేదు. కొత్త హెడ్మాస్టరు వచ్చాడు, వెళ్లాడు, ఇంకొకరు వచ్చారు. వ్యాన్లు వస్తూనే ఉన్నాయి. పిల్లలు తగ్గలేదు. ఆ బడి ఇప్పటికీ ఉంది.

రిటైరైన ఆ సాయంత్రం ఆయన్ని బస్సెక్కించడానికి రోడ్డు దాకా వెళ్లింది నేనొక్కదాన్నే. దండను ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని చేత్తో పట్టుకున్నారు. ఇసుక లారీలు నగరం వైపు పోతున్నాయి. బస్టాపులో మాతో పాటు ఒక ముసలవ్వ ఉంది, కూరగాయల గంపతో.

"నడుస్తది గద మేడం?" అన్నారు.

"నడుస్తుంది సార్."

"నేను లేకున్నా."

"లేకున్నా నడుస్తుంది."

తలూపారు. దండ సంచిని ఇంకో చేతిలోకి మార్చుకున్నారు.

"జర నన్ను ఒకసారి పిలుస్తరా?"

"ఏంటి సార్?"

"పొద్దుగాల హాజరు తీస్తరు గద. అట్ల పిలువుండ్రి."

అంత పెద్దాయన్ని పేరు పెట్టి నేనెప్పుడూ పిలవలేదు. ఆయన ఎదురు చూస్తున్నారు. ఇంటిపేరుతో సహా పిలిచాను. ఆయన సంచి కింద పెట్టి, చేతులు పక్కలకు ఆనించి నిటారుగా నిలబడ్డారు.

"ఉన్న మేడం."

నా వైపు చూడలేదు. రోడ్డు అవతల గేటున్న ఖాళీ ఇంటి వైపు చూస్తున్నారు.

"మల్లొకసారి," అన్నారు. పిలిచాను. "జర గట్టిగ," అన్నారు. లారీల చప్పుడులో గొంతు పెంచి మళ్లీ పిలిచాను.

పక్కనున్న అవ్వ గంప సర్దుకుంటూ నా మీద విసుక్కుంది. "పక్కన్నే ఉన్నడు గద బిడ్డ, ఎందుకట్ల మొత్తుకుంటవు?"

సారు ఆమె వైపు తిరిగారు. వంగి, గంప పక్కన కూర్చున్నారు.

"ఏమన్నవు అవ్వా? జర మల్ల చెప్పు," అన్నారు.